నీళ్ల సీసా, ఓపిక సీసా: సగం ముఖం మీద 12 వారాలు

నేను ప్రూఫ్ రీడర్‌ని. రోజుకు ఎనిమిది గంటలు ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చుని ఇతరుల అచ్చుతప్పులు వెతకడం నా పని. వయసు 47. మధ్యాహ్నం రెండయ్యేసరికి బుగ్గలు బిగుసుకుపోతాయి. గట్టిగా నవ్వాలంటే భయం, చర్మం చిట్లుతుందేమోనని. సాయంత్రానికి కళ్ల కింద సన్నటి గీతలు తేలతాయి. పొద్దున అద్దంలో అవి ఉండవు.

అందుకే రెండు సీసాలు కొన్నాను. ఒకటి హైలురానిక్ యాసిడ్ సీరం, ఇంకొకటి పెప్టైడ్ సీరం. కంపెనీల పేర్లు చెప్పను. వాటిలో ఒకదానితో నాకు చిన్న తగాదా ఉంది, అది తర్వాత చెబుతాను. పైగా మీరు ఎవరి సరుకు కొన్నా, వెనకవైపు చీమతలంత అక్షరాల్లో ఉండే కథ దాదాపు ఇదే. మా అమ్మాయి మొదటిదానికి "నీళ్ల సీసా" అనీ, రెండోదానికి "ఓపిక సీసా" అనీ పేరు పెట్టింది. రాసుకున్న పావుగంటకే మొదటిది పని కనిపించేలా చేస్తుందట, రెండోదానికేమో మూడు నెలలు ఆగాలట. ఆ పేర్లే మా ఇంట్లో స్థిరపడిపోయాయి, ఇక్కడా అవే వాడతాను.

ముందు నీళ్ల సీసా సంగతి.

ఫోన్లో అక్కకు చెప్పగానే గొంతు పెంచింది. "ఏమే, యాసిడ్ ముఖానికి పూసుకోవడమేమిటే? మతి పోయిందా?" అంది. తప్పు ఆమెది కాదు, పేరుది. గ్లైకాలిక్, సాలిసిలిక్ యాసిడ్‌ల్లా ఇది చర్మం పైపొరను ఊడదీసేది కాదు. చురుకు లేదు, మంట లేదు. చక్కెర లాంటి రెండు చిన్న అణువులు జంటగా, ఆ జంటలు వేలకొద్దీ ఒకదాని వెనక ఒకటి పూసల దండలా గుచ్చుకుంటే వచ్చే పొడవాటి గొలుసు ఇది. ఆ గొలుసు నీటిని పట్టి ఉంచుకుంటుంది. దాని ఉద్యోగం అంతే.

అక్కకు నచ్చజెప్పడానికి నా చేతిసంచీలోంచి కంటి చుక్కల సీసా తీసి, దానిమీదున్నది చదివి వినిపించాను: సోడియం హైలురొనేట్, 0.1 శాతం. స్క్రీన్ చూసి చూసి కళ్లు ఎండిపోతున్నాయంటే రెండేళ్ల కిందట డాక్టరు రాసిచ్చిన చుక్కలవి. సీరం డబ్బా మీదా అదే పేరు. హైలురానిక్ యాసిడ్‌కే ఉప్పు రూపం అది. నిలకడగా ఉంటుందని కంపెనీలు ఎక్కువగా ఆ రూపాన్నే వాడతాయి. అమ్మకు మోకాలి నొప్పికి వేసిన జెల్ ఇంజెక్షన్‌లో ఉన్నదీ ఇదే. కంట్లో వేసుకుంటున్నాను, అమ్మ మోకాల్లోకి వెళ్లింది, బుగ్గకు రాసుకుంటే ఏమవుతుంది? అక్క కాసేపు ఆలోచించి, "అయితే నాకూ ఒకటి పట్రా" అంది.

అసలు ఇది మొదట దొరికింది కంట్లోనే. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఎద్దు కంటిలోని గాజులాంటి జెల్లీ నుంచి దీన్ని వేరుచేశారు. పేరులో ఉన్న "హయలోస్" అంటే గ్రీకులో గాజు. ఆ తర్వాత చాలాకాలం కోడిపుంజు నెత్తిమీది ఎర్ర తురాయి నుంచి తీసేవాళ్లు. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారు చేస్తున్నారు. 70 కిలోల మనిషి ఒంట్లో ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది, అందులో సగం దాకా చర్మంలోనే. రోజూ మూడో వంతు విరిగిపోయి మళ్లీ కొత్తగా తయారవుతూ ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది. ఒళ్లు తనంతట తానే రోజుకు ఐదు గ్రాములు తయారు చేసుకుంటుంటే, నేను మూడు చుక్కలు పైన పూసి సాయం చేస్తున్నానన్నమాట!

ఆ మూడు చుక్కలు లోపలికి వెళ్తాయా అంటే, చాలావరకు వెళ్లవు. చర్మం అవతలికి దూరాలంటే అణువు బరువు 500 డాల్టన్లకు మించకూడదని చర్మవైద్యంలో ఒక మోటు లెక్క ఉంది. మామూలు హైలురానిక్ గొలుసు బరువు పది లక్షల డాల్టన్లు దాటుతుంది. పెళ్లి ఊరేగింపు వెంటిలేటర్‌లోంచి ఇంట్లోకి దూరడం లాంటిదన్నమాట. అందుకే పెద్ద గొలుసు పైనే సన్నటి పొరలా పరుచుకుని తేమను పట్టుకుంటుంది. ముక్కలు చేసిన చిన్న గొలుసులు ఇంకొంచెం లోతుకు వెళ్తాయి. డబ్బా మీద "మల్టీ మాలిక్యులర్" అనో, "మూడు సైజులు, ఐదు సైజులు" అనో రాసేది దీని గురించే. వెనక జాబితాలో అయితే "హైడ్రొలైజ్డ్ హైలురానిక్ యాసిడ్" అని ఉంటుంది. మరీ చిన్న ముక్కలైతే ఒళ్లు వాటిని గాయం జరిగిందన్న కబురుగా తీసుకుని వాపు పుట్టించే అవకాశం కూడా ఉంది. కాబట్టి ఎంత చిన్నదైతే అంత మంచిదన్న ప్రచారాన్ని నేను పట్టించుకోను. పైన ఉండి పనిచేసేది పైనే ఉండనీ.

మొదటి వారం మాత్రం నీళ్ల సీసా నన్ను ఏడిపించింది. ఆఫీసులో, పొడి ముఖానికి, ఏసీ కిందే నిలబడి రాసుకున్నాను. పది నిమిషాలు హాయిగా ఉంది. తర్వాత ముఖం మీద ఎవరో జిగురు పూసి ఆరబెట్టినట్టు బిగిసిపోయింది, రాయకముందు కన్నా ఎక్కువగా. సీసా విసిరేద్దామనుకున్నాను. తర్వాత అర్థమైంది, తప్పు నాదే. ఇది తేమను పట్టుకునేదే తప్ప ఆవిరైపోకుండా మూత పెట్టేది కాదు. పొడి గాలిలో దాన్ని అలా విప్పార్చి వదిలేస్తే, అందులో ఉన్న నీరు గాలిలోకి పోతుంది, మిగిలేది ఎండిన పొర. మర్నాటి నుంచి ముఖం కడిగి, తుడుచుకోకుండా, ఆ తడి మీదే మూడు చుక్కలు అద్దాను. నిమిషంలోపే పైన మామూలు మాయిశ్చరైజర్ రాశాను. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటి మూడయింది, నాలుగయింది, బుగ్గలు గుర్తే రాలేదు. నా దృష్టిలో చర్మం బాగుందనడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

రెండో ఇబ్బంది ఉండలు. ఒకరోజు పొద్దున తొందరలో నీళ్ల సీసా, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఒకదాని మీద ఒకటి గబగబా రుద్దేశాను. పావుగంటలో వీడియో మీటింగ్. గడ్డం దగ్గర చెయ్యి పెట్టి ఆలోచిస్తున్నట్టు ఫోజు పెట్టానో లేదో, రబ్బరుతో చెరిపినప్పుడు కాగితం మీద రాలే తునకల్లా తెల్లటి ఉండలు కాలర్ మీద రాలాయి. కెమెరాలో అందరికీ కనిపించాయో లేదో తెలియదు గానీ, నాకు మాత్రం మీటింగంతా అదే టెన్షన్. పొరలు కట్టే పదార్థాలు ఒకదాని మీద ఒకటి ఆరకముందే రుద్దితే ఇలా అవుతుంది. దీనికి విరుగుడు చాలా సులువు. చుక్కలు తగ్గించాలి, ఒక్కో దానికీ మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగాలి, రుద్దకుండా అరచేత్తో అద్దాలి. అప్పటి నుంచి ఒక్క ఉండ రాలలేదు.

ఇక తగాదా. డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల్లో "2 శాతం హైలురానిక్ యాసిడ్" అని ఉంది. ప్రూఫ్ రీడర్ బుద్ధి కదా, వెనక్కి తిప్పాను. పదార్థాల జాబితాకు ఒక వ్యాకరణం ఉంది, అది తెలిస్తే సగం మోసాలు మనకు మనమే పట్టుకోవచ్చు. 1 శాతం కన్నా ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. మరి ఆ 1 శాతం గీత ఎక్కడుందో మనకెలా తెలుస్తుంది? ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ కోసం వెతకండి, చాలా సీరంలలో ఉంటుంది. యూరప్ నిబంధనల ప్రకారం దాన్ని 1 శాతం మించి వాడకూడదు. ఆ నిబంధన పాటించే సరుకులో దాని తర్వాత వచ్చే పేరు ఏదైనా 1 శాతం దాటి ఉండదు.

నా సీసాలో వరుస ఇదీ: నీరు, గ్లిజరిన్, మరో రెండు పేర్లు, ఫినాక్సీఇథనాల్, ఆ తర్వాత సోడియం హైలురొనేట్. అంటే ముందువైపు 2 శాతం, వెనకవైపు 1 శాతం లోపు! కంపెనీకి మెయిల్ రాశాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. ఆ 2 శాతం తమ "హైలురానిక్ కాంప్లెక్స్"దట, అంటే ముందే నీళ్లలో కలిపి ఉంచిన ద్రావణానిదట. అందులో అసలు సరుకు ఎంత అని మళ్లీ అడిగాను. ఆ మెయిల్‌కు ఈ రోజు వరకు జవాబు లేదు. నిజానికి పెద్ద గొలుసుల హైలురానిక్ నిజంగానే 2 శాతం ఉంటే అది డ్రాపర్‌లోకి ఎక్కడమే కష్టం, అంత చిక్కటి జెల్ అవుతుంది. 1 శాతం లోపు ఉండటం తప్పేమీ కాదు, నా కంటి చుక్కల్లో ఉన్నది అందులో పదో వంతే కదా. ఉన్నది ఉన్నట్టు రాయకపోవడమే నాకు గిట్టనిది. ఇలాంటిది మా ఆఫీసులో అచ్చయితే సవరణ వేయించేవాళ్లం.

ఆ జాబితాలో రెండో పేరు గమనించారా? గ్లిజరిన్. తేమ పట్టుకోవడంలో గ్లిజరిన్ చాలా పాత పనిమంతుడు. అణువు కూడా చిన్నది, బరువు 92 డాల్టన్లు, కాబట్టి పైపొరలోకి హాయిగా వెళ్తుంది. నా బుగ్గలు మెత్తబడటంలో సగం పుణ్యం దానిదేనని నా అనుమానం. కానీ "గ్లిజరిన్ సీరం" అని పేరు పెడితే ఎవరు కొంటారు చెప్పండి?

అన్నీ చెప్పుకున్నాక కూడా నీళ్ల సీసా నాకు నచ్చింది. కళ్ల కింద సాయంత్రపు గీతలు నిజంగానే తగ్గాయి. అవి వయసు ముడతలు కావు, ఎండిపోవడం వల్ల పడే గీతలు. నీరు అందితే పూడతాయి, నీరు పోతే మళ్లీ తేలతాయి. రాయడం మానేసి మూడు రోజులు చూశాను, నాలుగో రోజుకు మళ్లీ పెన్సిల్ గీతలు వచ్చేశాయి. నుదుటి మీది అడ్డగీతలు మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అక్కడ నీళ్ల సీసా ఏమీ చేయలేదు, చేస్తుందని నేనూ నమ్మలేదు. ముడతల్లోకి హైలురానిక్ పంపాలంటే సూదితోనే, ఫిల్లర్ అంటారే, అది. అమెరికాలో మొదటి హైలురానిక్ ఫిల్లర్‌కు అనుమతి 2003 డిసెంబరులో వచ్చింది. సూదితో లోపలికి పంపినప్పుడు వచ్చే ఫలితాన్ని చూపించి, పైన రాసే సీరం అమ్మే ప్రకటనలు బోలెడు. పేరొకటే, పని వేరు.

ఇప్పుడు ఓపిక సీసా.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. అవే గొలుసులు వందల పొడవైతే ప్రోటీన్ అంటాం. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ విరిగినప్పుడు ఇలాంటి ముక్కలు పడతాయి. ఆ ముక్కల్ని చూసి కణాలు "అయ్యో, విరిగిపోతోంది, కొత్తది కట్టాలి" అనుకుంటాయన్నది సిద్ధాంతం. సీరం పెప్టైడ్లు ఆ ముక్కల్లా నటించే దొంగ ఉత్తరాలు. అబద్ధపు కబురు పంపి నిజమైన పని చేయించాలన్నమాట. ఆలోచన నాకు భలే నచ్చింది, ఒప్పుకుంటాను.

ఈ కథలో పాతది రాగి పెప్టైడ్. 1973లో లోరెన్ పికార్ట్ అనే శాస్త్రవేత్త మనిషి రక్తపు ప్లాస్మాలో జీహెచ్‌కే అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసును గుర్తించారు. దానికి రాగి అంటుకుంటే ముచ్చటైన నీలి రంగు వస్తుంది. నా సీసాలో అది లేదు. నాది రంగులేని రకం: పాల్మిటాయిల్ ట్రైపెప్టైడ్-1, పాల్మిటాయిల్ టెట్రాపెప్టైడ్-7, అసిటైల్ హెక్సాపెప్టైడ్-8. ఈ పేర్లు చూసి బెదరకండి. "పాల్మిటాయిల్" అంటే కొవ్వు తోక తగిలించారని అర్థం. చర్మం పైపొర కణాల మధ్య అంతా కొవ్వే కాబట్టి, నీళ్లంటే ఇష్టపడే పెప్టైడ్‌కు ఆ తోక దారి చూపిస్తుంది.

మూడోదాన్నే ప్రకటనల్లో "సూది లేని బొటాక్స్" అంటుంటారు. బొటాక్స్ నరం చివర ఉండే స్నాప్-25 అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది, దాంతో కండరానికి కబురు అందదు. హెక్సాపెప్టైడ్ ఆ ప్రోటీన్‌లో ఒక కొసనున్న ముక్కను అనుకరిస్తుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ బొటాక్స్‌ను సూదితో నేరుగా కండరంలోకి పంపుతారు. ఈ పెప్టైడ్ బరువు దాదాపు 890 డాల్టన్లు, కొవ్వు తోక కూడా లేదు. చర్మం పొరలన్నీ దాటుకుని కింద ఉన్న కండరం దాకా పోవాలి. నుదుటి గీతల విషయంలో నేను మొదటి నుంచీ పందెం దీనికి వ్యతిరేకంగానే కాశాను.

మరి కొనడం ఎందుకు అంటారా? రెటినాయిడ్, అంటే విటమిన్-ఎ జాతి ముడతల మందు, నాకు పడలేదు కాబట్టి. ముడతల మీద రుజువులు గట్టిగా ఉన్నది రెటినాయిడ్లకే. నేను వాడినప్పుడు ముక్కు పక్కన పొలుసులు లేచి, నోటి మూలలు మండి, నెల తిరక్కుండానే మానేశాను. గర్భిణులు కూడా వాటికి దూరంగా ఉండాలంటారు. పెప్టైడ్లు నెమ్మదస్తులు, మంట పెట్టవు. నాలాంటివాళ్లే వీటికి అసలైన గిరాకీ.

కొనడానికి ముందు ఒక అధ్యయనం గురించి చదివాను. 2005లో వచ్చింది. 35 నుంచి 55 ఏళ్ల వయసున్న 93 మంది స్త్రీలు 12 వారాల పాటు ముఖంలో ఒకవైపు మామూలు క్రీమ్, రెండోవైపు అదే క్రీమ్‌లో పాల్మిటాయిల్ పెంటాపెప్టైడ్ అనే మరో పెప్టైడ్ కలిపింది రాసుకున్నారు. ఏ వైపు ఏదో రాసుకునేవాళ్లకూ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. పెప్టైడ్ వైపు ముడతలు కొంచెం మెరుగయ్యాయని తేలింది. చేసింది సౌందర్య సాధనాలు అమ్మే కంపెనీవాళ్లే, అది గుర్తుంచుకోవాలి. నన్ను ఆశ్చర్యపరిచింది మోతాదు: 3 పీపీఎం. పది లక్షల పాళ్లలో మూడు పాళ్లు. 30 గ్రాముల సీసాలో అయితే మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు! కాబట్టి పెప్టైడ్ పేర్లు జాబితా అడుగున ఉన్నాయని కంపెనీని తిట్టలేం. హైలురానిక్ విషయంలో పనికొచ్చిన నా 1 శాతం గీత ఇక్కడ పనికిరాదు. అడుగున ఉన్నది చాలినంత ఉందో, పేరుకు ఒక చుక్క వేశారో డబ్బా చూసి చెప్పే దారే లేదు.

సరే, సగం ముఖం పద్ధతి నేనూ పెడదామనుకున్నాను. ముఖమంతా నీళ్ల సీసా, ఎడమవైపు మాత్రం అదనంగా ఓపిక సీసా. 12 వారాలు. ప్రతి ఆదివారం పొద్దున ఒకే చోట నిలబడి, దీపాలన్నీ ఆర్పేసి, ఫ్లాష్ లేకుండా మా అమ్మాయి ఫొటోలు తీసేది. మొదటి రెండు వారాలు ఉత్సాహం. మూడో వారం నుంచి "అమ్మా, ఈ వారం కూడా నువ్వు నీలాగే ఉన్నావు" అనడం మొదలుపెట్టింది.

ఐదో వారంలో నా తెలివితక్కువతనం బయటపడింది. మొదటి ఆదివారం ఫొటో పెద్దది చేసి చూస్తే, సీరం పెట్టకముందే ఎడమవైపు మచ్చలు, గీతలు ఎక్కువ. ఆఫీసులో నా సీటుకు ఎడమ పక్కనే కిటికీ. పదకొండేళ్లుగా అదే సీటు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ రకాన్ని మామూలు గాజు చాలావరకు ఆపుతుంది కానీ, చర్మాన్ని ముదిరించే యూవీఏ రకం చాలావరకు లోపలికొస్తుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 69 ఏళ్ల ట్రక్కు డ్రైవరు ఫొటో ఒకటి వచ్చింది. 28 ఏళ్లు బండి తోలిన మనిషి, కిటికీ వైపు చెంప అవతలి చెంప కన్నా పాతికేళ్లు పెద్దదా అన్నట్టుంటుంది. ఆ ఫొటో గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. పోనీ కుడివైపు మేలా అంటే, నేను పడుకునేది కుడివైపు తిరిగి, దిండు మడతలన్నీ ఆ చెంప మీదే. అంటే పోటీ మొదలవకముందే ఇద్దరు ఆటగాళ్లకూ చెరో దెబ్బ! మధ్యలో వైపులు మారిస్తే ఉన్న లెక్క కూడా పోతుందని అలాగే కొనసాగించాను. కిటికీకి మాత్రం అదే వారం కర్టెన్ వేయించుకున్నాను. ఆస్ట్రేలియాలో 55 ఏళ్ల లోపు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మంలో ముదిమి లక్షణాలు 24 శాతం తక్కువగా ఉన్నాయి. ఏ పెప్టైడ్ మీదా నేను ఇంత పెద్ద, ఇంత పొడుగాటి అధ్యయనం చూడలేదు.

12 వారాలు నిండాక పరీక్ష. చివరి పదిహేను రోజుల్లో తీసిన ఫొటోల్లోంచి మా అమ్మాయి ఎనిమిది ఏరింది. ఒక్కోదాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను అద్దంలో ప్రతిబింబంలా తిప్పేసింది, ఏది ఎడమో ఏది కుడో తెలియకుండా. "రెండిట్లో నునుపుగా ఉన్నదేది?" అని ముగ్గురిని అడిగింది. మా ఆయన ఎనిమిదింటిలో మూడుసార్లు పెప్టైడ్ వైపు చూపించారు. అక్క నాలుగుసార్లు. ఆఫీసులో నా పక్క సీటావిడ ఆరుసార్లు. మొత్తం 24కి 13. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. ఆరుసార్లు సరిగ్గా చెప్పినావిడను ఎలా పట్టుకున్నారని అడిగితే, "ఒక వైపు మెరుపు ఎక్కువగా ఉందండీ" అంది. మెరుపు అంటే జిడ్డు కూడా కావచ్చు, రెండు పొరలు పూసిన వైపు మెరవక ఏం చేస్తుంది?

ఒక ముఖం, ముగ్గురు న్యాయమూర్తులు, చెరో దెబ్బ తిన్న రెండు చెంపలు. దీన్ని బట్టి పెప్టైడ్లు పనిచేయవని నేను అనను. ఎడమ చెంప ముందునుంచీ వెనకబడి ఉండి, చివరికి కుడిదానితో సమానమైందంటే అది కూడా గెలుపేనని మా అమ్మాయి వాదన. బుర్ర ఉన్న పిల్ల. కానీ ఓపిక సీసా జాబితాలో నాలుగో పేరు చూపించి దానికి జవాబిచ్చాను: నియాసినమైడ్. చర్మం కాపుదలకూ మచ్చలకూ పనికొచ్చే విటమిన్ అది, పెప్టైడ్ల కన్నా ఎంతో ఎక్కువ పాళ్లలో ఉంది. ఎడమ చెంప నిజంగా బాగుపడి ఉంటే ఆ పుణ్యం పెప్టైడ్‌దా, నియాసినమైడ్‌దా, కర్టెన్‌దా?

సీసా తయారీ విషయంలో మాత్రం ఓపిక సీసాకే నా ఓటు. గాలి చొరబడని పంపు, నొక్కితే సరిగ్గా శనగగింజంత వస్తుంది, చివరి చుక్క దాకా. నీళ్ల సీసాకు డ్రాపర్. అది ముఖానికి తగిలితే చర్మం మీది క్రిములు తిన్నగా సీసాలోకే. చేతిలో వేసుకుని రాయండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే సంఖ్య కూడా చూసుకోండి. నాదాని మీద 6 అని ఉంది. తెరిచిన తేదీ పెన్నుతో సీసా అడుగున రాసిపెట్టుకున్నాను. రెండిటికీ వాసన లేదు, నాకు అదే ఇష్టం. ఏది కొన్నా ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో రెండు మూడు రోజులు రాసి చూడండి.

ఐదుకు మార్కులు వేయమంటే నీళ్ల సీసాకు నాలుగు, ఆ పోయిన ఒక్కటీ 2 శాతం బుకాయింపుకు. ఏసీలో కూర్చునేవాళ్లు, చర్మం బిగిసిపోయేవాళ్లు వాడొచ్చు, తడి ముఖానికి రాసి పైన మాయిశ్చరైజర్ పూసే ఓపిక ఉంటేనే. మీ మాయిశ్చరైజర్‌లోనే గ్లిజరిన్ పైవరుసలో ఉండి, దానితోనే హాయిగా ఉంటే ఇది అక్కర్లేదు. ఓపిక సీసాకు రెండున్నర. చర్మాన్ని ఏడిపించలేదు, పంపు బాగుంది, మాట మాత్రం నిలబెట్టుకున్నట్టు నాకు కనిపించలేదు. రెటినాయిడ్ పడేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.

నీళ్ల సీసా అయిపోవచ్చింది. ఈసారి ముందువైపు శాతాలు రాయని రకం వెతికి తెచ్చుకుంటాను. ఓపిక సీసాలో ఇంకా మూడో వంతు మిగిలింది. అది అక్క తీసుకెళ్లింది, పోయిన వారం. తను మెడకు రాసుకుంటుందట, అది కూడా కుడివైపు మాత్రమే.